తమ్ముడు సైన్యంలో చేరుతున్నాడు, జేబులో ఉంచుకోవడానికి మొదటి చాకు ఏది కొనాలి?

తణుకు_అక్క
మా తమ్ముడికి 19 ఏళ్ళు. అగ్నివీర్‌గా ఎంపికయ్యాడు. వచ్చే నెల మొదటి వారంలో గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో చేరాలి. మా ఇంట్లో ఇంతవరకు పట్టాళంలోకి వెళ్ళినవాళ్ళు లేరు. ఏమి కట్టివ్వాలో ఎవరికీ తెలియదు. అమ్మ పచ్చడి జాడీల దగ్గరే తిరుగుతోంది. నాకు ఉద్యోగం వచ్చి నాలుగు నెలలైంది, వాడి జేబులో రోజూ ఉండే మంచి చాకు ఒకటి నా డబ్బుతో కొనివ్వాలని ఉంది. 3000 రూపాయల వరకు పెట్టగలను. ఆన్‌లైన్‌లో వెతికితే అన్నీ నల్లటివే. రంపంలా పళ్ళున్న అంచు, పిడి చివర అద్దం పగలగొట్టే మొన, పక్కన నిప్పు రాయి, పైన ‘కమాండో’ అని పేరు. ఒకటి ఎంచి పెట్టుకున్నాను కూడా. డబ్బు కట్టే ముందు తెలిసినవాళ్ళను అడుగుదామని రాస్తున్నాను. ఏది కొనమంటారు?

చాకులపెట్టె
కట్టకండి! ఆ ‘కమాండో’ను వెంటనే తీసేయండి. 14 ఏళ్ళుగా చాకులు పోగు చేస్తున్నాను, అలాంటివి మొదట్లో మూడు కొన్నాను. ఏ ఉక్కుతో చేశారో ఎక్కడా రాయరు, ఊరికే ‘స్టెయిన్‌లెస్’ అంటారు. రెండు అట్టపెట్టెలు కోసేసరికి అంచు మొద్దుబారుతుంది. నెల తిరిగేసరికి ఇరుసు దగ్గర వదులై బ్లేడు అటూ ఇటూ ఊగుతుంది. ఊగే చాకు కంటే చాకు లేకపోవడం మేలు.
నా సలహా: ఒక్క చేత్తో తెరుచుకునేది, తెరిచాక గట్టిగా తాళం పడేది, బ్లేడు మూడు అంగుళాలకు మించనిది. సైనికుడికి రెండో చేయి ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

జామచెట్టు
అమ్మగారి పచ్చడి జాడీ మూత తీయడానికి ఏ చాకూ చాలదు. దానికి తమ్ముడి భుజబలమే దిక్కు.

మాజీ_హవల్దార్_కడప
తల్లీ, ఏ చాకు అన్నది తర్వాత చూద్దాం. ముందు ఒక మాట విను. శిక్షణకు వెళ్ళే పిల్లవాడి పెట్టెలో చాకు పెట్టకు.
నేను 22 ఏళ్ళు ఫిరంగి దళంలో చేశాను. మొదటి రోజు మా నల్ల ట్రంకు పెట్టెలు వరసగా పెట్టించి, ఒక్కొక్కరి చేత మూత తీయించి, ఉన్నదంతా దుప్పటి మీద పరిపించారు. నా పక్కన నిలబడ్డ కుర్రవాడి పెట్టెలో జానెడు చాకు బయటపడింది. వాళ్ళ మామయ్య ముచ్చటపడి ఇచ్చాడట. ఉస్తాద్ (శిక్షణ ఇచ్చేవాడు) కొట్టలేదు, తిట్టలేదు. చాకు తీసుకుని చీటీ రాసి పక్కన పెట్టాడు. కానీ ఆ రోజు నుంచి శిక్షణ ముగిసేదాకా ఆ కుర్రవాడి పేరు ‘చాకూవాలా’. మంచి పరుగుగాడు, మంచి గురికాడు, అయినా ఆ పేరు పోలేదు. కొత్తగా వెళ్ళినవాడు మొదటి రోజు ఎవరి కంటా పడకుండా ఉండటమే మంచిది.
ఇప్పుడు అగ్నివీరులకు శిక్షణ 31 వారాలు. అది ముగిశాక జవాన్లు ప్రమాణం చేసే కసమ్ పరేడ్ ఉంటుంది, తల్లిదండ్రులను పిలుస్తారు. తర్వాత సెలవు మీద ఇంటికి వస్తాడు. చాకు అప్పుడు ఇవ్వు. ఈలోపు చేరమని వచ్చిన కాగితంలో ఏ వస్తువులు తెమ్మన్నారో అవే, అంతే.

తణుకు_అక్క
బాబాయి గారూ, ఈ సంగతి నాకు తట్టనే లేదు. మీరు చెప్పకపోతే పెట్టెలో అడుగున పెట్టి పంపేదాన్ని. మరి ఇప్పుడు ఏమి ఇవ్వను? ఉత్త చేతులతో పంపడానికి మనసు ఒప్పడం లేదు.

మాజీ_హవల్దార్_కడప
సూది దారం. నవ్వకు, నిజమే చెబుతున్నాను. ఒక చిన్న డబ్బాలో నాలుగు సూదులు, నల్ల దారం, తెల్ల దారం, ఆకుపచ్చ దారం, అరడజను చొక్కా గుండీలు. ఒక మంచి గోళ్ళ కత్తెర. ట్రంకుకు రెండు తాళాలు, రెండేసి చెవులతో. పరేడ్‌కు పది నిమిషాల ముందు గుండీ ఊడిందంటే ఆ డబ్బా ఉన్నవాడే రాజు. బ్యారక్ అంతా వాడి చుట్టూ చేరుతుంది.

ఫౌజీ_ఇల్లాలు
హవల్దార్ గారి మాట అక్షరాలా నిజం. మా ఆయన పెట్టెలో ఆ సూదుల డబ్బా 11 ఏళ్ళుగా ఉంది, ఇప్పటికీ గుండీలు తనే కుట్టుకుంటారు. ప్రస్తుతం పఠాన్‌కోట్‌లో ఉన్నాం.
ఇంకో మాట. చాకు ఎప్పుడు ఇచ్చినా చేతిలో చేయి పెట్టి ఇవ్వకు చెల్లీ. ఉప్పు, నువ్వులు, కత్తెర చేతికి అందిస్తే గొడవలు వస్తాయని మా అత్తగారు బల్ల మీద పెట్టి తీసుకోమంటారు. నమ్మినా నమ్మకపోయినా పదునైన వస్తువును కింద పెట్టి తీసుకోమనడం చేతికి కూడా క్షేమం.

జామచెట్టు
శనివారం ఇనుము ఇంటికి తేకూడదు. ఆన్‌లైన్‌లో కొంటే, అది ఏ రోజు ఇల్లు చేరుతుందో కూడా చూసుకోవాలి.

చాకులపెట్టె
శిక్షణకు పంపకూడదన్న మాట ఒప్పుకుంటున్నాను, నాకు తెలియదు. కానీ తర్వాత ఇచ్చేదైనా ఒక్క చేత్తో తెరుచుకునేదే ఉండాలని మళ్ళీ అంటున్నాను. స్విట్జర్లాండ్ సైన్యాన్నే చూడండి. సైనికుల కోసం 2008లో ఎంపిక చేసిన కొత్త చాకుకు బ్లేడులో పెద్ద రంధ్రం పెట్టారు, బొటనవేలితో తోస్తే తెరుచుకుంటుంది, తాళం కూడా ఉంది. ఊరికే మార్చరు కదా?

మాజీ_హవల్దార్_కడప
బాబూ, నీకు చాకుల మీద ఉన్న ప్రేమ తెలుస్తోంది. నేను వాడకం చెబుతాను. 22 ఏళ్ళలో నా చాకు దేనికి తీశానంటే, ఫిరంగులను మరుగుపరిచే వల కట్టేటప్పుడు సుతిలి తెంపడానికి. డేరా తాడు కొస చీలితే నరకడానికి. రేషన్ గోనె మూతి కుట్టు విప్పడానికి. కరెంటు తీగ తొడుగు ఒలవడానికి. ఉల్లిపాయ, ఆపిల్, రొట్టె. ఇవే. తుపాకీ శుభ్రం చేసే సామాను వేరే ఇస్తారు, దానికి చాకు ముట్టించనివ్వరు. యుద్ధం చేసే ఆయుధం సర్కారు ఇస్తుంది. జేబులో చాకు పనిమంతుడికి పనిముట్టు, అంతకు మించి ఏమీ కాదు. ఈ పనుల్లో ఒక్కదానికి కూడా అర సెకనులో చాకు తెరవాల్సిన అవసరం నాకు రాలేదు.

చాకులపెట్టె
ఎత్తైన చోట్ల చేతికి మందపాటి గ్లౌజులు ఉంటాయి కదండీ? గోరు గాడిలో గోరు పెట్టి లాగే చాకు అక్కడ ఎలా తెరుస్తారు?

ఫౌజీ_ఇల్లాలు
ఇది మాత్రం చాకులపెట్టె గారిదే నిజం. మా ఆయన లడఖ్‌లో ఉన్నప్పుడు ఆ చలిలో గ్లౌజు తీసి ఉత్త చేత్తో లోహాన్ని ముట్టుకోవడానికి భయమేసేదని అన్నారు. గోరు గాడి చాకు అక్కడ పెట్టెలోనే ఉండిపోయిందట.

మాజీ_హవల్దార్_కడప
సరే, అది ఒప్పుకుంటాను. నేను రాజస్థాన్ ఇసుకలో, జమ్మూలో చేశాను కానీ అంత ఎత్తుకు వెళ్ళలేదు. కానీ అమ్మాయి అడిగేది మొదటి చాకు. పై మంచుకు వెళ్ళే రోజుకు వాడికే తెలుస్తుంది ఏమి కావాలో.

న్యాయవాది_వరంగల్
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయుధాల చట్టం 1959లోది, నియమావళి 2016లోది. 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటిపని, వ్యవసాయం, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవి అందులోకి రావు. మూడు అంగుళాల మడత చాకుకు ఈ లెక్కతో ఇబ్బంది లేదు.
అయితే రెండు జాగ్రత్తలు. మీట నొక్కితే స్ప్రింగుతో ఎగిరి తెరుచుకునే చాకు జోలికి పోవద్దు. ఢిల్లీలో అలాంటి వాటి మీద పాత నోటిఫికేషన్ ఉంది, 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు దాటితే కేసు పెడతారు. సెలవు మీద వచ్చే జవాను ఢిల్లీలో రైలు మారకుండా ఉంటాడా? రెండోది, ఎన్నికలప్పుడో ఊళ్ళో ఉద్రిక్తత ఉన్నప్పుడో పోలీసు కమిషనర్లు నిషేధాజ్ఞలు ఇస్తారు. పూర్వం 144 సెక్షన్ అనేవాళ్ళం, 2024 జూలై 1 నుంచి కొత్త స్మృతిలో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) అది 163. ఆ రోజుల్లో జేబులో ఏదీ లేకపోవడమే మంచిది.
విమానం అయితే చేతి సంచిలో చాకు పనికిరాదు, లోపలికి పంపే సామానులోనే పెట్టాలి.

ఉప్పుగాలి
నావికాదళంలో చేసి వచ్చినవాణ్ణి, చిల్కాలో శిక్షణ. మా శిక్షణలోనూ సొంత చాకులు లేవు. ఓడ మీదికి వెళ్ళాక చాకు విలువ తెలిసింది. తాడు చిక్కుకుని లాగుతున్నప్పుడు తెంపడానికి చేతికి అందేలా ఉండాలి. ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు: చాకుకు దారం. పిడి చివర రింగు ఉన్నది కొనండి, దానికి జానెడు గట్టి తాడు కట్టి బెల్టుకు తగిలించాలి. నా మొదటి చాకు మూడో వారంలో సముద్రంలో పడింది. విశాఖ తీరానికి ఎంత దూరంలో పడిందో ఇప్పటికీ చెప్పగలను.

జామచెట్టు
చేపలు ఇప్పుడు ఉల్లిపాయలు తరుగుకుంటూ ఉంటాయి.

మాధవరం_మనవడు
మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. ‘మిలిటరీ మాధవరం’ అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. మా ఊళ్ళో ఇంటికొక సైనికుడు. మా తాతగారి చాకు మా బీరువాలో ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో ఇచ్చింది. నిన్న ఈ చర్చ చూసి తీసి కొలిచాను. మూసితే నా అరచేయి అంత. నల్లటి పిడి మీద గళ్ళ గీతలు, అరిగి నున్నగా అయ్యాయి. బ్లేడుకు మొన లేదు. వీపు వంపు తిరిగి ముందుకు దిగి గొర్రె గిట్టలా ఉంటుంది, కింద అంచు మాత్రం తిన్నగా గీత గీసినట్టు. రెండో పక్క డబ్బా మూత తీసే కొక్కెం. వెనుక వేలెడు ఇనుప శలాక. మొన ఎందుకు లేదో చిన్నప్పుడు తాతగారిని అడగలేదు, ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

ఉప్పుగాలి
మాధవరం తమ్ముడూ, అది నాకు తెలుసు. గొర్రె గిట్ట బ్లేడు ఓడల వాళ్ళది. ఊగే ఓడ మీద తాడు కోస్తూ చేయి జారితే మొన పక్కవాడికో తనకో దిగకూడదని అలా చేశారు. తిన్నటి అంచు తాడును బల్లకేసి ఒత్తి కోయడానికి కూడా బాగుంటుంది. ఆ శలాక బిగుసుకున్న ముడులు విప్పడానికి, తాడు పేటలు విడదీయడానికి. మీ తాతగారు దానితో ఎన్ని డేరా ముడులు విప్పారో! దానికి కాస్త నూనె రాసి ఉంచండి, గుడ్డలో చుట్టకండి, గుడ్డ తేమ పడుతుంది.

చాకులపెట్టె
మాధవరం గారూ, వీలైతే మీ తాతగారి చాకు బొమ్మ పెట్టండి.
పై వాదన గురించి రాత్రంతా ఆలోచించాను. స్విస్ చాకు మొదటి రూపం గుర్తొచ్చింది. 1891లో వాళ్ళ సైనికులకు ఇచ్చిన దానిలో నాలుగే ఉన్నాయి: బ్లేడు, తోలుకు బెజ్జం వేసే ఆరె, డబ్బా మూత తీసేది, స్క్రూడ్రైవర్. ఆ స్క్రూడ్రైవర్ కూడా అప్పుడు కొత్తగా వచ్చిన ష్మిట్ రూబిన్ తుపాకీ విప్పడానికి. పొడిచేది కాదు, పనికొచ్చేదే ఇచ్చారు. ఇందులో తమాషా ఏమిటంటే, మొదటి విడత జర్మనీలోని సోలింగెన్‌లో తయారైంది, ఎందుకంటే స్విట్జర్లాండ్‌లో అంత సంఖ్యలో చేసే సత్తా లేదు. ఇబాక్ ఊళ్ళో కార్ల్ ఎల్సెనర్ పట్టుబట్టి ఆ పని తన దేశానికి తెచ్చుకున్నాడు. అప్పులపాలై కూడా వదల్లేదు. తల్లి విక్టోరియా 1909లో పోయాక ఆమె పేరే కంపెనీకి పెట్టుకున్నాడు, 1921లో స్టెయిన్‌లెస్ ఉక్కును సూచించే ‘ఇనాక్స్’ కలిసి విక్టోరినాక్స్ అయింది. అక్కగారు తమ్ముడికి కొంటున్న వస్తువుకు ఇది మంచి చరిత్రే.
కాబట్టి హవల్దార్ గారి దారికే వస్తున్నాను. మొదటి చాకుగా విక్టోరినాక్స్ క్యాడెట్ చూడండి. మూసితే 84 మిల్లీమీటర్లు, అల్యూమినియం రేకు పిడి, సన్నగా ఉంటుంది, ప్యాంటు జేబులో ఉన్నట్టే తెలియదు. బ్లేడు, డబ్బా మూత తీసేది, సీసా మూత తీసేది, గోళ్ళ ఆకురాయి. కొంచెం పెద్దది కావాలంటే పయనీర్, 93 మిల్లీమీటర్లు. అందులో ఆకురాయి బదులు ఆరె ఉంటుంది.

మాజీ_హవల్దార్_కడప
పయనీర్. ఆరె ఉన్నదే తీసుకో తల్లీ. బెల్టుకు కొత్త బెజ్జం కావాలంటే, కాన్వాసు సంచి పట్టీ తెగితే, ఆరె ఉన్నవాడు మోచీ కోసం వెతకడు. శిక్షణలో ప్రతివాడూ బక్కచిక్కుతాడు, బెల్టు బెజ్జాలు చాలవు.

తణుకు_అక్క
పయనీర్ నా 3000 దాటేలా ఉంది. క్యాడెట్ కూడా కొన్నిచోట్ల దాటుతోంది. ఒక దుకాణంలో మాత్రం అదే చాకు సగం ధరకు ఉంది.

చాకులపెట్టె
సగం ధర అంటే నకిలీ. ఆగండి, అది కొనకండి. అసలుదైతే పెద్ద బ్లేడు మొదట్లో కంపెనీ పేరు, స్విస్ తయారీ అన్న ముద్ర స్పష్టంగా ఉంటుంది. పూర్తిగా తెరిచాక, మళ్ళీ మూశాక స్ప్రింగు గట్టిగా పట్టుకుంటుంది. నకిలీది బద్ధకంగా జారుతుంది. ఒకసారి ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి నాకు అలాంటిదే వచ్చింది, డబ్బా మూత మీద పెట్టగానే కొక్కెం వంగిపోయింది.

కొలిమి_నిజామాబాద్
మాది కమ్మరి ఇల్లు. మా ప్రాంతపు కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్ళి అక్కడ కత్తులైంది. ఆ ఊరి పేరు చెబితే ఇప్పటికీ మా నాన్న లేచి కూర్చుంటాడు. అందుకే రెండు మాటలు చెప్పాలనిపించింది.
కొందరు మామూలు కార్బన్ ఉక్కు చాకు కొనమంటారు. పదును తేలిగ్గా వస్తుంది, నిజమే. నేను ఇంట్లో అదే వాడతాను. కానీ జవానుకు వద్దు. చెమట, వాన, ఉప్పు తగిలితే రాత్రికి రాత్రే ఎర్రబారుతుంది. తుడిచి నూనె పెట్టే తీరిక వాడికి ఉండదు. స్టెయిన్‌లెస్ కొనండి. ఫ్రాన్స్ ఒపినెల్ చాకులు ధరకు అందుతాయి, అందులో కూడా రెండు రకాల ఉక్కులు ఉంటాయి, స్టెయిన్‌లెస్ అడిగి తీసుకోండి. దాని పిడి చెక్కది. వానలో ఉబ్బితే బ్లేడు బయటకు రాక మొరాయిస్తుంది.

చాకులపెట్టె
ఒపినెల్ మంచి మాట! 8వ నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు. మెడ దగ్గర ఉన్న ఉంగరం తిప్పితే బ్లేడు కదలదు. 1955లో వచ్చిన ఏర్పాటు, ఇప్పటికీ అంత సులువైన తాళం ఇంకొకటి లేదు. తణుకు అక్కగారి డబ్బులోనే వస్తుంది.

మాజీ_హవల్దార్_కడప
తాళం మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పి తీరాలి. మా బ్యాటరీలో, అంటే మా ఫిరంగుల జట్టులో, ఒక గన్నర్ ఉండేవాడు, మన శ్రీకాకుళం వైపువాడు. చలికాలం, రాత్రి టీ కోసం పాల డబ్బా. డబ్బా తెరిచే కొక్కెం చాకులోనే ఉంది. అది తెరవడానికి బద్ధకించి, బ్లేడు మొననే మూత మీద పెట్టి పైనుంచి అరచేత్తో గుద్దాడు. మొన రేకులో ఇరుక్కుంది. పైకి లాగబోయి ముందుకు తోశాడు. చాకు మడతపడింది. చూపుడు వేలు రెండో కణుపు దగ్గర ఎముక దాకా. డబ్బాలోకి పాల మీద రక్తం చుక్కలు చుక్కలుగా పడ్డాయి, నేను టార్చి పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. ఏడు కుట్లు. గాయం మానింది కానీ ఆ వేలు పూర్తిగా వంగేది కాదు.
తాళం లేని చాకు మంచిదే, కానీ దానితో కోయాలి, పొడవకూడదు, ఎగదోయకూడదు. తమ్ముడికి చాకు ఇచ్చిన రోజే ఈ ఒక్క మాట చెప్పు.

ఫౌజీ_ఇల్లాలు
చదువుతుంటే నా వేలు పట్టుకున్నాను.

డల్లాస్_నాన్న
మా అబ్బాయి ఇక్కడ అమెరికా సైన్యంలో చేరాడు, దక్షిణ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో ప్రాథమిక శిక్షణ. అక్కడ కూడా రంగరూట్లు చాకు తీసుకెళ్ళకూడదు. నేను తెలియక వాడి పుట్టినరోజుకు లెదర్‌మన్ మల్టీటూల్ కొన్నాను. శిక్షణ అయ్యేదాకా నా బల్ల సొరుగులోనే ఉంది. యూనిట్‌కు వెళ్ళాక పంపితే, ఇప్పుడు దానిలోని పటకారు లేకుండా రోజు గడవదంటాడు. వాహనాల మరమ్మతు పని వాడిది. తణుకు చెల్లెమ్మా, తమ్ముడికి ఏ పని అప్పగిస్తారో తెలిశాక కొనడం మంచిదేమో. తీగలు, బోల్టుల పనైతే పటకారు ఉన్నది వాడికి చాకు కంటే ఎక్కువ.

కొత్తసభ్యుడు_07
రాంపూరి కొనివ్వండి అక్కా, పేరున్న చాకు, మన దేశపుది.

న్యాయవాది_వరంగల్
పైన రాసింది చదవండి. మీట నొక్కితే తెరుచుకునేది అదే. రాంపూర్ పనివాళ్ళ చేతి నైపుణ్యం మీద గౌరవం ఉంది. 2023లో ఆ ఊళ్ళో కూడలిలో 20 అడుగుల చాకు కూడా నిలబెట్టారు. చూసి ఆనందించవచ్చు. జవాను జేబులోకి వద్దు.

ఉప్పుగాలి
తణుకు చెల్లెమ్మ ఇంతవరకు ఒక మాట చెప్పలేదు. తమ్ముడిని అడిగారా?

తణుకు_అక్క
అడగలేదండీ, చెప్పకుండా ఇవ్వాలనుకున్నాను. మీరు అన్నాక ఈ రోజు అన్నం తినేటప్పుడు మాటల్లో పెట్టి అడిగాను. “చాకు ఎందుకు అక్కా, నాకు గోళ్ళ కత్తెర కొనివ్వు, నాన్నది మొద్దుబారింది” అన్నాడు. హవల్దార్ బాబాయి గారి మాటే మళ్ళీ విన్నట్టు అనిపించింది. కాసేపాగి, “ఇచ్చేటట్టయితే ఎర్రది వద్దు, ఎక్కడైనా పడిపోతే తేలిగ్గా దొరుకుతుంది అంటారు కానీ అందరి కళ్ళూ దాని మీదే పడతాయి” అన్నాడు. అంటే వాడి మనసులో ఉంది!
కాబట్టి సూదుల డబ్బా, గోళ్ళ కత్తెర, తాళాలు ఇప్పుడు. చాకు ఏడు నెలల తర్వాత. ఈలోపు నెలకు కొంత పక్కన పెడితే పయనీర్‌కు సరిపోతుంది.

మాజీ_హవల్దార్_కడప
బంగారు తల్లీ. ఆకుపచ్చ దారం మరవకు.

కొలిమి_నిజామాబాద్
ఏడు నెలలు ఉంది కాబట్టి ఆ లోపు మీరు సాన పట్టడం నేర్చుకోండి. తమ్ముడికి చాకుతో పాటు ఆ విద్య కూడా ఇవ్వండి. దుకాణంలో దొరికే రెండు ముఖాల సానరాయి చాలు, ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు. రాయిని పావుగంట నీళ్ళలో నానబెట్టండి. బ్లేడు వీపు రాయికి రెండు రూపాయి నాణేలు పట్టేంత ఎత్తులో ఉండాలి, అంచు ముందుకు, రాయి పైపొర చెక్కుతున్నట్టు తోయాలి. ఆ ఎత్తు మారకూడదు, ఒత్తిడి పెద్దగా అక్కరలేదు. ఒకవైపు కొంతసేపు తోశాక రెండోవైపు వేలితో అంచుకు అడ్డంగా, బయటికి నిమరండి, పొడవునా ఎప్పుడూ వద్దు. సన్నటి గరుకు తగులుతుంది, వెంట్రుక మొలిచినట్టు. ఆ గరుకు మొదలు నుంచి మొన దాకా వస్తేనే చాకు తిప్పాలి. చాలామంది అది రాకముందే తిప్పేస్తారు, అందుకే ఎంత రుద్దినా పదును రాదు. చివరికి నునుపు వైపు నాలుగు తోపులు, పాత తోలు బెల్టు మీద వెనక్కి పది లాగుళ్ళు. పండు టమాటా మీద చాకు బరువు మాత్రమే ఆనించి లాగితే తొక్క తెగాలి.
మొదట ఇంట్లో కూరగాయల కత్తి మీద నేర్చుకోండి, కొత్త చాకు మీద కాదు.

జామచెట్టు
ఏడు నెలలు తణుకులో టమాటా పచ్చడికి లోటు లేదు.

తణుకు_అక్క
ఎనిమిది నెలలకు మళ్ళీ వచ్చాను, అందరికీ చెప్పాలని. కసమ్ పరేడ్‌కు అమ్మ, నాన్న, నేను వెళ్ళాం. వాడు వరసలో ఉన్నాడని తెలుసు కానీ వాడెవరో పోల్చుకోలేకపోయాం, అంత మారాడు. అమ్మే ముందు పట్టింది, నడక చూసి.
చాకు ఇంటికి వచ్చిన రోజు ఇచ్చాను. బల్ల మీద పెట్టాను, ఫౌజీ ఇల్లాలు అక్క చెప్పినట్టే. పయనీర్, వెండి రంగుది. ఉప్పుగాలి అన్నయ్య చెప్పిన తాడు కట్టాను. వాడు డబ్బా తెరిచి, బ్లేడు తెరిచి, అంచు మీద బొటనవేలు అడ్డంగా నిమిరి చూశాడు. ఏమీ అనలేదు. నాన్న చేతిలో ఉన్న జామకాయ తీసుకుని, నాలుగు ముక్కలు చేసి, అందరికీ ఇచ్చి, బ్లేడు తుడిచి మూసి జేబులో వేసుకున్నాడు. సూదుల డబ్బాలో రెండు సూదులే మిగిలాయట. ఆకుపచ్చ దారం మొత్తం అయిపోయింది. ‘మన్నించు అక్కా, మళ్ళీ పంపు’ అని నాకు ఉత్తరం కూడా రాశాడు సెంటర్ నుంచి.
పాల డబ్బా సంగతి చెప్పాను బాబాయి గారూ. ఆ వేలు వంగని గన్నర్ గురించి రెండుసార్లు అడిగాడు.

మాజీ_హవల్దార్_కడప
పరేడ్ మాట చదివి మా ఆవిడను పిలిచి వినిపించాను. ఏ రెజిమెంటు ఇచ్చారు తల్లీ?

చాకులపెట్టె
చాలా సంతోషం! ఇరుసు దగ్గర ఇసుక చేరితే గోరువెచ్చని నీళ్ళలో ముంచి తెరిచి మూసి కడగమనండి, ఆరాక ఒక్క చుక్క నూనె.

కొత్తసభ్యుడు_07
చర్చ మొత్తం చదివాను, రాంపూరి మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను కూడా వచ్చే సైనిక భర్తీ ర్యాలీకి సిద్ధమవుతున్నాను. నాది ఎడమచేతి వాటం. పయనీర్ నాకు సరిపోతుందా?

చాకులపెట్టె
గోరు గాడి కుడిచేతి వాళ్ళ వైపే ఉంటుంది తమ్ముడూ, తెరవడం కాస్త తికమకగా ఉంటుంది, అలవాటు చేసుకోవాలి. ఒపినెల్ గాడి కూడా అంతే, కానీ దాని ఉంగరం ఏ చేత్తోనైనా తిరుగుతుంది. ముందు దుకాణంలో చేతిలోకి తీసుకుని చూడు. అసలు మొదట ర్యాలీ పరుగు చూసుకో, 1600 మీటర్లు ఎంతలో వస్తోంది?

కొత్తసభ్యుడు_07
5 నిమిషాల 50 సెకన్లు.

మాజీ_హవల్దార్_కడప
ఇంకా తగ్గించాలి. రేపు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పరుగెత్తు, ఎలా పరుగెత్తుతున్నావో ఇక్కడ రాస్తూ ఉండు.